ఐడీ టికెట్లకు జీతంలో ఎంత విలువ కట్టాలి?

ప్రశ్న: మూడేళ్లుగా ఒక విమానయాన సంస్థలో పనిచేస్తున్నాను. నాతోపాటు నా భార్యకు, బడికి వెళ్లే ఇద్దరు పిల్లలకు, మా అమ్మానాన్నలకు ఐడీ టికెట్ల, అంటే సంస్థ తన సిబ్బందికి ఇచ్చే రాయితీ విమాన టికెట్ల సౌకర్యం ఉంది. ఇప్పుడు విమానాలతో సంబంధం లేని మరో సంస్థ 20 శాతం ఎక్కువ జీతంతో రమ్మంటోంది. టికెట్ల మీద ఏటా అంతకంటే ఎక్కువే మిగులుతోందని నా భార్య అభిప్రాయం. నాకూ నిజమే అనిపిస్తుంది గానీ, గత ఏడాది నాలుగు ప్రయాణాలు చేశాక చూసుకుంటే పొదుపు ఖాతా ఖాళీ. ఈ సౌకర్యానికి డబ్బు రూపంలో ఎంత విలువ కట్టాలి? ఉద్యోగం మారమంటారా?

జవాబు: టికెట్ల మీద అంత మిగిలి ఉంటే ఆ డబ్బు ఖాతాలో కనిపించాలి కదండీ. కనిపించలేదంటే లెక్క మొదట్లోనే తప్పింది. బయటివాళ్లకు చూపే ధర ఇంత, మనం కట్టింది ఇంత, తేడా అంతా లాభం అని చాలామంది రాసుకుంటారు. రాయితీ లేకపోతే ఆ నాలుగు ప్రయాణాల్లో మీరు ఎన్ని చేసేవారు? ఒకటో రెండో అయితే, మిగతా వాటి మీద మీకు మిగిలింది ఏమీ లేదు. టికెట్ చవకగా వచ్చింది కాబట్టి బయల్దేరారు. హోటల్, టాక్సీలు, భోజనాలు మాత్రం అందరి ధరకే కొన్నారు.

ఇక టికెట్ సంగతి. ఐడీ 90 అంటే 90 శాతం తగ్గింపే, కానీ అది మూల ఛార్జీకే. ప్రభుత్వ పన్నులు, విమానాశ్రయ రుసుములు సాధారణంగా అందరిలాగే మీరూ కడతారు. పైగా ఆ 90 శాతాన్ని చాలాచోట్ల ఎకానమీ తరగతి పూర్తి ప్రకటిత ఛార్జీ మీద లెక్కిస్తారు. మామూలు ప్రయాణికుడు నెలల ముందే కొనుక్కునే చవక ఛార్జీ మీద కాదు. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. బయట దొరికే అతి చవక టికెట్ 100 అనుకుందాం. అందులో మూల ఛార్జీ 60, పన్నులు, రుసుములు 40. అదే మార్గంలో పూర్తి ప్రకటిత మూల ఛార్జీ 150 అయితే, అందులో పదో వంతు 15. దానికి 40 కలిపితే మీరు కట్టేది 55, మిగిలేది 45. మంచి మొత్తమే, కానీ మీ ఇంట్లో అనుకుంటున్న 90 మాత్రం కాదు.

వేరే సంస్థల విమానాల్లో వాడుకునే జెడ్ ఛార్జీల పద్ధతి వేరు. దూరాన్ని బట్టి స్థిరమైన మొత్తం ఉంటుంది. బయట ధర పెరిగినా అది పెరగదు. ధరలు మండిపోయే రోజుల్లో ఇది గొప్పగా కనిపిస్తుంది. అయితే ధరలు మండేది సీట్లు నిండిపోతున్నప్పుడే.

అసలు చిక్కు అక్కడే. టికెట్ మీద ఆర్1 అని ఉంటే సీటు ముందే ఖాయం చేసుకోవచ్చు. మీవంటి కుటుంబాలు ఎక్కువగా వాడే చవక టికెట్లు ఆర్2 రకానివి, అంటే స్టాండ్‌బై. పూర్తి ధర కట్టినవాళ్లందరికీ సీట్లు ఇచ్చాక మిగిలితేనే మీకు. పిల్లల బడికి సెలవులిచ్చే రోజులే విమానాలు కిటకిటలాడే రోజులు. అలాంటి తేదీల్లో రాయితీ ప్రయాణాలను పూర్తిగా ఆపేసే సంస్థలూ ఉన్నాయి. వారం మధ్యలో ఒంటరిగా తిరగగలిగే ఉద్యోగికి ఇది బంగారంలాంటి సౌకర్యం. బడిపిల్లలున్న నలుగురి కుటుంబానికి అందులో సగం విలువ కూడా దక్కదని నా అంచనా.

నా భార్య కొన్నేళ్లు ఈ రంగంలోనే పనిచేసింది. ఒక సాయంత్రం మేం ముగ్గురం గేటు దగ్గర కూర్చుని ఉన్నాం. తెర మీద వెయిటింగ్ జాబితాలో మా ఇంటిపేరు మొదటి మూడక్షరాలు కనిపిస్తున్నాయి. ఖాళీల సంఖ్య ఉదయం పదకొండు, మధ్యాహ్నానికి ఐదు, తలుపు మూసే ముందు రెండు. మేమేమో ముగ్గురం. తేల్చుకోవడానికి గేటు సిబ్బంది ఒక్క నిమిషం ఇచ్చారు. ఆమె బాబును తీసుకుని ఎక్కింది. నేను ఆ రాత్రి విమానాశ్రయం పక్కన హోటల్లో పడుకుని, మర్నాడు మూడో విమానంలో సీటు దొరికాక వెళ్లాను. గది అద్దె, భోజనాలు, పోయిన ఒక రోజు సెలవు కలిపితే నా టికెట్ మీద మిగిలిందంతా అక్కడే హరించుకుపోయింది. ఆ తర్వాత మా ఇంట్లో ప్రతి స్టాండ్‌బై ప్రయాణానికీ ఒక రాత్రి బస ఖర్చు ముందే కలిపి రాసుకునేవాళ్లం. మీరూ అలాగే రాసుకోండి.

మామూలు ప్రయాణికుడికి ఉండే రక్షణ కూడా మీకు ఉండకపోవచ్చు. ఐరోపా సమాఖ్యలో 261/2004 నిబంధన ప్రకారం విమానం రద్దయినా, బాగా ఆలస్యమైనా చాలా సందర్భాల్లో పరిహారం వస్తుంది. ప్రజలకు అందుబాటులో లేని తగ్గింపు ఛార్జీ మీద ప్రయాణించేవారికి అది వర్తించదని ఆ నిబంధనలోనే ఉంది. స్టాండ్‌బైలో సీటు దొరక్కపోతే ప్రయాణ బీమా ఆదుకుంటుందన్న భరోసా కూడా పెట్టుకోవద్దు. పాలసీలో ఆ భాగం చదివాకే కొనండి.

అందుకే మీరు ఈ ఉద్యోగంలో ఉన్నా సరే, ఒక తిరుగు ప్రయాణ నిధి విడిగా పెట్టమంటాను. వెళ్లేవాళ్లందరికీ ఒకవైపు పూర్తి ధర టికెట్లు, రెండు రాత్రుల బస అందులో ఉండాలి. అది లేని నెలలో పిల్లలతో స్టాండ్‌బైకి బయల్దేరవద్దు. ఖాళీల్లేక చివరి నిమిషంలో క్రెడిట్ కార్డు మీద నాలుగు టికెట్లు కొన్న కుటుంబాల లెక్కలు నేను చూశాను. ఒక్క తిరుగు ప్రయాణం ఏడాది ఆదాను మింగేస్తుంది. పెళ్లి, పరీక్ష, శస్త్రచికిత్స వంటి తేదీ కదలని పనులకైతే ఖాయమైన టికెట్టే కొనండి.

ఇప్పుడు గత ఏడాది నాలుగు ప్రయాణాలను రెండుగా విడదీయండి. రాయితీ లేకపోయినా తప్పకుండా చేసేవి ఒకవైపు రాయండి. వాటికి ఆ రోజుల్లో బయట దొరికిన అతి చవక టికెట్ ధర తీసుకుని, మీరు కట్టింది, ఎదురుచూపుల ఖర్చు తీసేయండి. మిగిలిందే ఈ సౌకర్యం మీకిచ్చిన డబ్బు. చవక కాబట్టి వెళ్లినవాటికి ఆదా కింద సున్నా వేయండి. అవి ఆనందమే, కాదనను. వాటికి మీ మనసు ఎంత ఇస్తుందో అంత విడిగా రాసుకోండి, జీతంతో మాత్రం కలపవద్దు.

జీతం వైపు పన్ను తీసేశాక చేతికొచ్చేదే వేయండి, ఎందుకంటే రాయితీ ప్రయాణం మీద చాలాచోట్ల ఉద్యోగికి పన్ను పడదు. ఉదాహరణకు అమెరికాలో ఉద్యోగి తల్లిదండ్రుల విమాన ప్రయాణాన్ని కూడా పన్ను విషయంలో ఉద్యోగి ప్రయాణంగానే చూస్తారు. స్నేహితులకు ఇచ్చే బడ్డీ పాసుల విలువను మాత్రం ఆదాయంలో కలుపుతారు. మీ దగ్గర నియమం ఏమిటో జీతాల విభాగాన్ని అడగండి.

నా ఉద్దేశం సూటిగా చెబుతాను. మీ అమ్మానాన్నలు దూరదేశంలో ఉండి, ఏటా వాళ్ల రాకపోకలకు మీరే టికెట్లు కొనాల్సిన పరిస్థితి అయితే ఈ సౌకర్యం బరువైనది. అప్పుడు టికెట్ల మీద నిజంగా మిగిలేది, పెరిగే జీతంలో చేతికొచ్చేది దగ్గరదగ్గరగా వస్తే ఉండిపోండి. అలా కాకపోతే కొత్త ఉద్యోగానికే నా ఓటు. పెరిగిన జీతం నెలనెలా వస్తుంది, పదవీ విరమణ నిధికి చేరుతుంది, ఇంటి రుణానికి అర్హత పెంచుతుంది. ఖాళీ సీటు ఇవేవీ చేయలేదు. విరమణ తర్వాత కూడా రాయితీ కొనసాగాలంటే సంస్థలు సాధారణంగా చాలా ఏళ్ల సర్వీసు అడుగుతాయి కాబట్టి, మూడేళ్లకే వెళ్లడం వల్ల కూడబెట్టుకున్న హక్కు పెద్దగా పోదు. మొదటి జీతం నుంచే పెరిగిన మొత్తంలో సగం వేరే ఖాతాకు వెళ్లేలా ఏర్పాటు చేసి, అందులోంచి ఏటా ఒక ప్రయాణానికి ఖాయమైన టికెట్లు కొనుక్కోండి.

రాజీనామా ఇచ్చే ముందు ఒక్క జాగ్రత్త. ఐడీ టికెట్ చెల్లుబాటు చాలాచోట్ల ఉద్యోగంలో చివరి రోజుతో ముగుస్తుంది. అమ్మానాన్నలు అప్పటికి ప్రయాణంలో ఉంటే తిరుగు టికెట్ పనికిరాకుండా పోవచ్చు. వాళ్లు ఇల్లు చేరాకే ఆ లేఖ ఇవ్వండి.