పళ్ళకు క్లిప్పులు: చూపించే వయసు వేరు, వేయించే వయసు వేరు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా క్లిప్పుల గురించే. సెలవులు దగ్గరపడుతున్నాయి కదా, ఏటా ఇంతే. ఐదు ప్రశ్నలు ఏరాను.

ప్రశ్న: మా పాపకు ఎనిమిదేళ్ళు. పైన కొత్తగా వచ్చిన రెండు పెద్ద పళ్ళ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు ఉంది. పక్క పళ్ళు విసనకర్రలా విచ్చుకున్నాయి. స్కూల్లో వెక్కిరిస్తున్నారని ఏడుస్తోంది. ఒక డాక్టరు ఇప్పుడే క్లిప్పులు మొదలుపెడదామన్నారు. మా అత్తగారేమో పాలపళ్ళన్నీ ఊడేదాకా ఎవరికీ చూపించొద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, క్లిప్పులు వేయించే విషయంలో నేను మీ అత్తగారి పక్షం. చూపించే విషయంలో మాత్రం కాదు.

ముందు ఆ సందు సంగతి. ఏడెనిమిదేళ్ళ నుంచి పదకొండేళ్ళ దాకా చాలామంది పిల్లల పైపళ్ళు ఇలాగే ఉంటాయి. లోపల కోరపళ్ళు దిగడానికి సిద్ధమవుతూ, పక్కనున్న పళ్ళ వేర్లను నొక్కుతాయి. వేర్లు లోపలికి జరిగితే పళ్ళ కొసలు బయటికి విచ్చుకుంటాయి. 11, 12 ఏళ్ళకు కోరపళ్ళు కిందికి దిగాక చాలామందిలో ఆ సందు దానంతటదే మూసుకుపోతుంది. 1937లోనే బ్రాడ్‌బెంట్ అనే అమెరికన్ దంతవైద్యుడు దీనికి ‘అందవికారపు బాతుపిల్ల దశ’ అని పేరు పెట్టాడు. అంటే మీ పాప ఇప్పుడు బాతుపిల్ల. ఆ మాట పాపకే చెప్పండి, ఏడుపు కాస్త తగ్గుతుంది. నా దగ్గరికొచ్చే పిల్లలకు నేను చెప్పేది అదే. ఈ వయసులో ఆ సందును బలవంతంగా మూస్తే, దిగుతున్న కోరపన్ను పక్కపన్ను వేరును గీకేసే ప్రమాదం ఉంది.

సందు రెండు మిల్లీమీటర్లు దాటి ఉంటే మాత్రం ఒక ఎక్స్‌రే తీయించండి. మధ్యలో అదనపు పన్ను దాక్కుని ఉండొచ్చు, పైపెదవిని చిగురుకు కలిపే పొర మందంగా ఉండొచ్చు.

ఇక చూపించడం. అమెరికన్ ఆర్థోడాంటిస్టుల (పళ్ళవరస సరిచేసే డాక్టర్ల) సంఘం మొదటి పరీక్ష ఏడేళ్ళలోపు చేయించమంటుంది. అది చూడడానికి చెప్పిన వయసు. దాన్ని క్లిప్పులు వేసే వయసుగా మార్చేసి భయపెట్టేవాళ్ళూ ఉన్నారు. నా దగ్గరికొచ్చే ఏడెనిమిదేళ్ళ పిల్లల్లో ఎక్కువమందిని ‘ఏడాదికోసారి వచ్చి కనబడండి’ అని పంపేస్తాను. కొందరు తల్లులకు అది నచ్చదు. ఫీజు తీసుకుని ఏమీ చేయలేదేంటి అన్నట్టు చూస్తారు.

ఆగకూడనివి కొన్నే. పాపను వెనక పళ్ళు కలిపి కొరకమనండి. నోరు మూసేటప్పుడు గడ్డం ఒక పక్కకు జారుతోందా? పైపళ్ళు కిందిపళ్ళకు లోపలగా పడుతున్నాయా? అయితే ఆలస్యం చేయొద్దు. పై దవడ రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో అతుకు. చిన్న వయసులో ఆ అతుకు పట్టు తక్కువ. ప్లేటు పెట్టి దవడను వెడల్పు చేయొచ్చు. 15, 16 ఏళ్ళు దాటాక అది బిగుసుకుపోతుంది, తర్వాత ప్లేటు మర ఎంత తిప్పినా పళ్ళు వంగుతాయే తప్ప ఎముక విచ్చుకోదు. ముందుపళ్ళు కిందివి పైవాటికి ముందుకొచ్చేసి ఉంటే అదీ పదేళ్ళలోపే చూసుకోవాలి.

పాలపన్ను పుచ్చిపోయి ముందే తీసేయాల్సి వచ్చిందా, ఆ జాగా పక్కపళ్ళు ఆక్రమించకుండా చిన్న తీగ బిగించాలి. మా అమ్మమ్మ ఊడిన పాలపన్నును పేడముద్దలో పెట్టి పెంకుల మీదికి విసిరించేది. పన్ను పోయిందంటే దాని పని అయిపోయిందని అందరం అనుకునేవాళ్ళం. కింద వచ్చే పన్నుకు చోటు కాయడమే పాలపన్ను అసలు ఉద్యోగమని కాలేజీలో చేరాకే నాకూ తెలిసింది.

ఎత్తుపళ్ళ గురించి ఇంకోమాట. చిన్న వయసులోనే ఒకసారి, పన్నెండేళ్ళ ప్రాంతంలో మరోసారి అని రెండు విడతల్లో చేసినవాళ్ళనూ, నేరుగా పెద్దయ్యాకే ఒక్క విడతలో చేసినవాళ్ళనూ అమెరికా, ఇంగ్లండుల్లో పోల్చి చూశారు. చివరికి పళ్ళవరసలో పెద్ద తేడా రాలేదు. ముందే చేసినవాళ్ళలో ముందుపళ్ళు దెబ్బతగిలి విరగడం మాత్రం కొంత తగ్గింది. కాబట్టి పిల్లాడు గోడలు దూకే రకమా, పళ్ళు మరీ బయటికున్నాయా అన్నది చూసి నిర్ణయిస్తాను. కింది దవడ వెనక్కి ఉన్న పిల్లలకు పొడవు సాగే వయసే సరైన అదను. ఆడపిల్లలకు దాదాపు 10 నుంచి 12, మగపిల్లలకు ఇంకో ఏడాది రెండేళ్ళు ఆగి.

పాపకు పదేళ్ళు రాగానే పైచిగురు మీద, కోరపన్ను రావలసిన చోట మీ వేలితో తడిమి చూడండి. రెండుపక్కలా చిన్న ఉబ్బు తగలాలి. ఒకపక్కే తగిలితే నాకు కాకపోయినా ఎవరికో ఒకరికి చూపించండి.

ప్రశ్న: నాకు 43 ఏళ్ళు. టీచర్ని. చిన్నప్పటి నుంచి పన్ను మీద పన్ను. ఇప్పుడు చేతిలో కాస్త డబ్బుంది, క్లిప్పులు వేయించుకోవాలని ఉంది. ఈ వయసులో ఎవరి కోసమని మావారు నవ్వుతున్నారు. షుగర్ కూడా ఉంది.
– పేరు వద్దు, హన్మకొండ

జవాబు: నేను 38వ ఏట వేయించుకున్నాను. చిన్నప్పుడు మా ఇంట్లో ఆ ఖర్చుకు అక్కకో నాకో ఒక్కరికే వీలయింది. అక్కకు పెళ్ళి కావాలి కాబట్టి అక్కకే వేయించారు. నేను పళ్ళ డాక్టర్నయ్యాక కూడా ఎత్తుపళ్ళతోనే పదేళ్ళు పేషెంట్లకు నీతులు చెప్పాను. చివరికి నా జూనియర్ కుర్చీలో పడుకుని నోరు తెరిచాను. మొదటి నాలుగురోజులు పెరుగన్నం కూడా నమలలేకపోయాను. ‘కొంచెం నొప్పి ఉంటుంది’ అని అన్నేళ్ళూ ఎంత తేలిగ్గా చెప్పానో అప్పుడర్థమైంది.

పన్ను జరగడానికి వయసు అడ్డం కాదు. మెల్లగా ఒత్తిడి పెడితే ఒకపక్క ఎముక కరుగుతుంది, ఇంకోపక్క కొత్తగా కడుతుంది. 43లోనూ అంతే, కాస్త నెమ్మదిగా. కానీ దానికి ఎముక ఉండాలి. అందుకే మీ విషయంలో ముందు చిగుళ్ళు చూడాలి. బ్రష్ చేస్తుంటే రక్తం వస్తోందా? మునుపు లేని సందు ఈమధ్య కొత్తగా వచ్చిందా? వస్తే అది చిగుళ్ళ జబ్బు గుర్తు కావచ్చు. దాన్ని నయం చేయకుండా తీగ బిగిస్తే పళ్ళు ఊడే దారిలో పడతాయి. మూడునెలల షుగర్ పరీక్ష కాగితం వెంట తీసుకెళ్ళండి. షుగర్ అదుపులో ఉండి, చిగుళ్ళు గట్టిపడితే నిశ్చింతగా వేయించుకోండి. ఏడాదిన్నర, రెండేళ్ళు పడుతుంది. ఒకటి మాత్రం మనకు కుదరదు. ఎదుగుదల ఆగిపోయింది కనుక దవడ ఎముకలోనే తేడా ఉంటే క్లిప్పులు దాన్ని సరిచేయవు, దానికి ఆపరేషనే.

కనబడకుండా పారదర్శకపు ట్రేలు పెట్టుకోవచ్చు. కానీ రోజుకు 20 నుంచి 22 గంటలు ఉంచుకోవాలి. తాగేటప్పుడల్లా తీయాలి కనుక, తరగతికీ తరగతికీ మధ్య టీ తాగే అలవాటుంటే ఆలోచించుకోండి. తీగలే అయితే తెల్ల రబ్బరు రింగులు అడగొద్దు. మన పప్పులో, పులుసులో పసుపుకు అవి రెండురోజుల్లో పచ్చబడతాయి. నేను బూడిదరంగు వేయించుకున్నాను. జంతికలు, చెరకు, పల్లీపట్టి బంద్. ఆవకాయ తినొచ్చు, టెంక మాత్రం చీకకండి. నా బ్రాకెట్ (తీగను పట్టుకోవడానికి పంటికి అతికించే బిళ్ళ) ఒకటి ఊడింది దానివల్లే.

మావారు కూడా నవ్వారు. రెండోనెల నుంచి ఆయనే నా నొప్పి మాత్రల టైము గుర్తుచేయడం మొదలుపెట్టారు.

ప్రశ్న: నాకు 24. పెళ్ళి రెండునెలల్లో. క్లిప్పులకు టైము లేదని, ముందుపళ్ళు ఆరు అరగదీసి క్యాపులు వేస్తే పదిరోజుల్లో వరస వచ్చేస్తుందని ఒక క్లినిక్‌లో చెప్పారు. చేయించుకోనా?
– ఒంగోలు

జవాబు: వద్దమ్మా. ఒకసారి అరగదీసిన ఎనామిల్, అంటే పంటి గట్టి పైపొర, మళ్ళీ రాదు. ఆ క్యాపులు కొన్నేళ్ళకు మార్చాల్సి వస్తుంది, 24 నుంచి లెక్కేసుకోండి ఎన్నిసార్లో. పుచ్చు లేని మంచి పళ్ళను ఫొటోల కోసం కోయించుకోకండి. పెళ్ళిలో ఉన్న పళ్ళతోనే నవ్వండి, తర్వాత క్లిప్పులు వేయించుకోండి. వరుడు మిమ్మల్ని చూసే కదా ఒప్పుకున్నాడు!

ప్రశ్న: మేం డాలస్‌లో ఉంటాం. బాబుకు 12. జూన్‌లో గుంటూరు వచ్చినప్పుడు అక్కడే క్లిప్పులు వేయించుకుని వచ్చేయొచ్చా? ఇక్కడ ఖర్చు చాలా ఎక్కువ.

జవాబు: వేయించుకోవడం గంట పని. ఆ తర్వాత ప్రతి నాలుగైదు వారాలకోసారి సర్దాలి, అలా రెండేళ్ళు. మధ్యలో వేరే డాక్టరు అందుకోవడానికి చాలామంది ఒప్పుకోరు, ఒప్పుకున్నా మళ్ళీ ఖర్చే. గుంటూరులో రెండో అభిప్రాయం మాత్రం తప్పక తీసుకోండి. ఇంకోటి, అమెరికాలోని చాలా బీమా పాలసీల్లో క్లిప్పులకిచ్చే డబ్బుకు జీవితకాలానికంతా కలిపి ఒకే హద్దు ఉంటుంది. మీకు చిన్నవాళ్ళెవరైనా ఉంటే, ఎనిమిదేళ్ళకే మొదటి విడత చేద్దామన్నప్పుడు, రెండో విడతకు ఆ హద్దులో ఎంత మిగులుతుందో ముందే అడగండి.

ప్రశ్న: క్లిప్పులు తీసి ఏడాదైంది. పళ్ళు మళ్ళీ జరగకుండా రాత్రిళ్ళు పెట్టుకునే రిటైనర్ ఇంకా ఎన్నాళ్ళు?
– కాకినాడ

జవాబు: వరస ఎన్నాళ్ళు ఉండాలనుకుంటే అన్నాళ్ళు. పళ్ళు పాత చోటికి జరగాలనే చూస్తాయి. నాది తెనాలిలో ఒక పెళ్ళిభోజనంలో పోయింది. తీసి కాగితంలో చుట్టి విస్తరి పక్కన పెట్టాను, కబుర్లలో పడి విస్తరితో పాటు మడిచేశాను. ఊరొచ్చి, పనుల్లో పడి, కొత్తది చేయించుకునేసరికి నెల దాటింది. అప్పుడు పక్కకు తిరిగిన కింది పన్ను ఇప్పటికీ అలాగే ఉంది.