రాజీనామా చేశారా, చేయించారా?

సందేహం: మేము డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. మా తెలుగు సంఘం పత్రికకి స్థానిక వార్తలు తెలుగులో రాస్తుంటాను. సిటీ మేనేజర్లు, పెద్ద అధికారులు పదవి వదిలి వెళ్లేటప్పుడు నగరం వాళ్లకి ఇచ్చే 'సెవరెన్స్ పే'ని తెలుగులో ఏమనాలి? నేను 'ఉద్వాసన భత్యం' అని రాస్తే మా సంపాదకులు 'విచ్ఛేదన వేతనం' అని దిద్దారు. పైగా రాజీనామా చేసినవాళ్లకి కూడా ఒక్కోసారి ఈ డబ్బు వస్తోంది. అలాంటప్పుడు ఉద్వాసన అనొచ్చా?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు మీ సంపాదకుల మాట తేల్చేద్దాం. 'విచ్ఛేదన' అనగానే తెలుగువాళ్లకి గుర్తొచ్చేవి రెండే, ఆస్పత్రి, విడాకుల కోర్టు. ఇంగ్లిషు మాటలో తెంచడం ఉంది కదా అని తెలుగులోనూ తెంచితే, జీతాన్ని ముక్కలు కోసి ఇస్తున్నట్టుంటుంది. అది వద్దు.

మీ మాటలో సగం బాగుంది. బాగాలేని సగం 'భత్యం'. మన వాడుకలో భత్యం పనిలో ఉన్నవాడికి జీతంతో పాటు వచ్చేది. కరువు భత్యం, ప్రయాణ భత్యం, ఇంటి అద్దె భత్యం అన్నీ అలాంటివే. దీన్నే జనం బత్తెం అంటారు. పూటబత్తెం అంటే ఆ పూటకి కొలిచి ఇచ్చేది. 'జీతం బత్తెం లేని కొలువు' అని ఇప్పటికీ వింటూనే ఉంటాం. గేటు దాటి వెళ్లిపోయినవాడికి ఇక బత్తెం ఏమిటి? నిరుద్యోగులకి ఇచ్చేదాన్ని కూడా భృతి అన్నాం గానీ భత్యం అనలేదు.

ఇక ఉద్వాసన. దీని దగ్గర కాసేపు ఆగాలి. పూజ మొదట్లో దేవుణ్ని ఆవాహన చేస్తాం, చివర్లో ఉద్వాసన చెబుతాం. మా ఇంట్లో వినాయక చవితి పూజ ముగించేటప్పుడు నాన్న విగ్రహాన్ని పీట మీదే రెండు వేళ్ల మేర కదిపి 'పునరాగమనాయ చ' అనేవారు. అప్పటికి పత్రి వాడిపోయి ఉండేది, ఉండ్రాళ్ల పళ్లెం చుట్టూ చీమలు చేరి ఉండేవి. అయినా ఆ రెండు వేళ్ల కదలిక అయ్యేదాకా మేం పిల్లలం దేని మీదా చెయ్యి వెయ్యకూడదు. అంటే ఉద్వాసనలో ఉన్నది గౌరవంగా సాగనంపి, మళ్లీ రమ్మని చెప్పడం. పత్రికలవాళ్లు ఈ మాటని ఆఫీసులోకి తెచ్చినప్పుడు పంపడాన్ని ఉంచుకుని, మళ్లీ రమ్మనడాన్ని వదిలేశారు. క్రియ కూడా మారిపోయింది చూడండి. ఇంట్లో ఉద్వాసన 'చెబుతాం', పత్రికలో ఉద్వాసన 'పలుకుతారు'. ఇప్పుడు 'ఆయనకి ఉద్వాసన పలికారు' అంటే ఉద్యోగం పీకేశారనే అర్థం. ఆ అర్థం స్థిరపడిపోయింది, దాన్ని తప్పుపట్టి లాభం లేదు.

మీ అసలు సందేహం చివరి వాక్యంలో ఉంది. దానికి ఉదాహరణ మీ పక్కనే దొరుకుతుంది.

డాలస్ లాంటి నగరాల్లో మేయర్ ఉన్నా, ఆఫీసు నడిపేది కౌన్సిల్ జీతానికి పెట్టుకున్న సిటీ మేనేజర్. ఈ పద్ధతికి 1908లో వర్జీనియా రాష్ట్రంలోని స్టాంటన్ అనే ఊరు దారి చూపింది. 1913 వరదల తర్వాత ఒహాయోలోని డేటన్ దీన్ని చేపట్టాక పెద్ద నగరాలకీ పాకింది. మేనేజర్‌ని ఎన్నుకునేది జనం కాదు, కౌన్సిల్. నచ్చినన్నాళ్లు ఉంచుతుంది, నచ్చకపోతే మెజారిటీ ఓటుతో పంపేస్తుంది. ఇలాంటి కుర్చీ కోసం ఉన్న ఉద్యోగం వదిలి, ఇల్లు అమ్మి, పిల్లల్ని బడి మార్పించి వేరే రాష్ట్రం నుంచి ఎవరు వస్తారు? అందుకే చేరేముందే ఒప్పందంలో రాయించుకుంటారు, మీరు పంపేస్తే ఇన్ని నెలల జీతం ఇచ్చి పంపాలని.

టి.సి. బ్రాడ్‌నాక్స్ 2017 నుంచి డాలస్ సిటీ మేనేజర్‌గా ఉండేవారు. 2024 ఫిబ్రవరిలో రాజీనామా ప్రకటించారు. ఆయన ఒప్పందంలో ఒక షరతు ఉంది. కౌన్సిల్‌లో ఎక్కువమంది తప్పుకోమని సూచించాక రాజీనామా చేస్తే, దాన్ని తనంత తాను చేసిన రాజీనామాగా లెక్కపెట్టరు, పంపేసినట్టే లెక్క. అప్పుడు ఏడాది జీతం, అంటే 4,23,246 డాలర్లు ఇవ్వాలి. మెజారిటీ సభ్యుల సూచన మీదే తప్పుకుంటున్నారన్న సంగతి అప్పుడే బయటికొచ్చింది కాబట్టి ఆ డబ్బుకి ఆయన అర్హులయ్యారు. కొద్ది వారాలకే, ఏప్రిల్‌లో, ఆస్టిన్ నగరం ఆయన్ని తన సిటీ మేనేజర్‌గా తీసుకుంది.

అక్కడి లాయర్లు ఒక పేరా రాసి చెప్పిన ఈ మెలికని తెలుగు ఒక్క ప్రత్యయంతో చెప్పేస్తుంది. 'రాజీనామా చేశారు', 'రాజీనామా చేయించారు'. తిన్నాడు, తినిపించారు అన్నంత తేలిక. ఆ 'ఇంచు' లేకపోతే పైసా రాదు, ఉంటే నాలుగు లక్షల ఇరవైమూడు వేల డాలర్లు. ఒక ప్రేరణార్థక ప్రత్యయానికి ఇంత ఖరీదు కట్టడం నేనింకెక్కడా చూడలేదు. కాబట్టి మీ వార్తలో 'రాజీనామా చేశారు, అయినా డబ్బిచ్చారు' అని రాస్తే చదివేవాళ్లకి తలా తోకా తెలియదు. 'కౌన్సిల్ రాజీనామా చేయించింది, అందుకే ఒప్పందం ప్రకారం డబ్బు వచ్చింది' అని రాస్తే చాలు. కానీ జాగ్రత్త. 'చేయించారు' అన్నది నింద కూడా. కౌన్సిల్ సూచన రికార్డులో ఉంటేనే ఆ మాట వాడాలి, కాఫీల దగ్గర విన్న కబురు మీద వాడకూడదు.

అన్నట్టు, రాజీనామా అన్న మాటకే చిత్రమైన కథ ఉంది. రాజీ అంటే ఒప్పుదల, నామా అంటే పత్రం. మాట ప్రకారం చూస్తే ఇది ఒప్పుదల పత్రం. హిందీ, ఉర్దూ వాళ్లకి ఇప్పటికీ రాజీనామా అంటే గొడవ తీర్చుకుని రాసుకున్న కాగితం. ఉద్యోగం వదలడానికి వాళ్ల మాట ఇస్తీఫా. మనకీ, మరాఠీ కన్నడాలకీ మాత్రం ఇది పదవి వదులుకోవడం అయింది. బొంబాయి వైపు పాత రెవెన్యూ కాగితాల్లో దీని జాడ కనిపిస్తుంది. రైతు భూమి వదులుకుంటూ రాసిచ్చేది రాజీనామా, దాన్ని తీసుకునేవాడు రాసిచ్చేది కబూలియత్. వదులుకోవడానికి ఒప్పుకున్న కాగితం కాబట్టి మెల్లగా వదులుకోవడమే అర్థమై కూర్చుంది. డాలస్‌లో జరిగింది చూస్తే ఈ రెండు అర్థాలూ ఒకే కాగితంలో కలిశాయి. అది పదవి వదులుకోవడమూ అవును, డబ్బు దగ్గర కుదిరిన రాజీ కూడా అవును. మీ పాఠకులు రాజీనామా అన్నా తప్పేమీ లేదు. బర్తరఫ్ మాత్రం వాడకండి, అది నేరుగా పదవి నుంచి తీసేసినప్పటి మాట.

మన దేశం వార్తల అలవాటుతో సిటీ మేనేజర్‌ని 'మునిసిపల్ కమిషనర్' అని కూడా రాయకండి. హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కమిషనర్‌ని పెట్టేదీ తీసేదీ రాష్ట్ర ప్రభుత్వం, అక్కడి కార్పొరేటర్లు కాదు. ఆయన్ని తప్పించాలంటే వచ్చేది బదిలీ ఉత్తర్వు. 'బదిలీ వేటు పడింది' అని రాస్తాం గానీ ఆ వేటుకి జీతం తెగదు. మరీ కోపమొస్తే పోస్టింగ్ ఇవ్వకుండా సాధారణ పరిపాలన శాఖ (జీఏడీ)లో రిపోర్టు చెయ్యమంటారు, లేదా లూప్‌లైన్‌లో, అంటే ప్రాధాన్యం లేని పోస్టులో పడేస్తారు. అధికారుల్ని ఇలా ఊరికే తిప్పొద్దు, కనీసం కొంతకాలం ఒకచోట ఉంచండని సుప్రీంకోర్టు 2013 అక్టోబరులో చెప్పింది కూడా. అమెరికాలో ఉద్యోగం పోతుంది, డబ్బు వస్తుంది. ఇక్కడ కుర్చీ పోతుంది, ఉద్యోగం ఉంటుంది. మన దగ్గర ఆ వస్తువే లేదు, అందుకే దానికి సిద్ధంగా ఉన్న తెలుగు మాటా లేదు.

దగ్గరగా ఉన్నవి మాత్రం ఉన్నాయి. పరిశ్రమల్లో కార్మికుణ్ని రిట్రెంచ్ చేస్తే, అంటే మనిషి ఎక్కువయ్యాడని తీసేస్తే, 2025 దాకా అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం పనిచేసిన ఒక్కో ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున పరిహారం ఇమ్మంది. గ్రాట్యుటీ వేరు. అది చేసిన సేవకి వచ్చేది, మర్యాదగా రిటైరైనవాడికీ వస్తుంది. మీ ఐటీ స్నేహితులు 'సెటిల్‌మెంట్' అంటారు, మన పల్లెల్లో 'లెక్క తేల్చి పంపడం' అంటారు. మా తాతగారి కాలంలో తొలి ఏకాదశికి పాలేరు లెక్క చూసేవారు. అరుగు మీద పద్దు పుస్తకం తెరిచి, జాకెట్టు గుడ్డకి తీసుకున్న అర్ధరూపాయి దగ్గర్నుంచి చదివేవారట. లెక్క తేలేసరికి చాలాసార్లు పాలేరే ఎదురు బాకీ ఉండేవాడు. లెక్క తేల్చడమంటే రావలసింది ఇవ్వడం, ఇవ్వవలసింది పట్టుకోవడం. సెవరెన్స్ అలా కాదు. రావలసినదంతా ఇచ్చేశాక పైన ఇచ్చేది. అందుకే సెటిల్‌మెంట్ అన్నా సరిపోదు.

నా సలహా ఇది. వార్త లోపల 'తొలగింపు పరిహారం' అని రాయండి. పరిహారం అంటే పోగొట్టుకున్నదానికి బదులుగా ఇచ్చేది, ఇక్కడ పోయింది ఉద్యోగం కాబట్టి అతుకుతుంది. మొదటిసారి వాడినప్పుడు 'కౌన్సిల్ పంపేస్తే ఇవ్వాలని ఒప్పందంలో రాసుకున్న సొమ్ము' అని ఒక ముక్క చేర్చండి. ఎంత ఇవ్వొచ్చో కొన్ని రాష్ట్రాలు చట్టంలోనే గిరి గీశాయి. కాలిఫోర్నియాలో ఇలాంటి నగదు 18 నెలల జీతం దాటకూడదు. ఫ్లోరిడాలో 2011 జులై నుంచి రాసుకున్న ఒప్పందాలకి 20 వారాలే హద్దు, తప్పు చేసి పోయినవాడికి అదీ లేదు.

శీర్షికలో మాత్రం నాకు ఇంకో మాట ఇష్టం: 'సాగనంపు సొమ్ము'. అంపడమంటే పంపడం, పెళ్లిలో అంపకాలు అన్నప్పుడు ఉన్నది అదే. చుట్టాన్ని వీధి చివరిదాకా వెళ్లి సాగనంపుతాం. వదిలించుకోవాలనుకున్నవాణ్ని కూడా 'సాగనంపారు' అని నవ్వుతూ అంటాం. గౌరవమూ ఉంది, ఎత్తిపొడుపూ ఉంది. ఏడాది జీతం చేతిలో పెట్టి గుమ్మం చూపించడానికి ఇంతకన్నా సరిపోయే మాట నాకు దొరకలేదు. 'ఊస్టింగ్' అనే పత్రికల చిలిపి మాట కూడా ఉంది. ఊడటం, ఔస్టింగ్ కలిసి చెవికి బాగానే తగులుతాయి, కానీ అందులో డబ్బు వాసన లేదు.

ఒక చిన్న హెచ్చరిక. పెద్ద అధికారులు వరసగా వెళ్లిపోతున్నారన్న వార్తలో 'టర్నోవర్' అని రాయకండి. మనవాళ్లకి టర్నోవర్ అంటే కిరాణా కొట్టు నుంచి కంపెనీ దాకా ఏడాది అమ్మకాలు. 'డాలస్ సిటీ టర్నోవర్ పెరిగింది' అంటే పన్నులు బాగా వసూలయ్యాయనుకుంటారు. బ్రాడ్‌నాక్స్ వెనకే డిప్యూటీ సిటీ మేనేజర్ జాన్ ఫార్చూన్ ఆస్టిన్ వెళ్లారు, ఆ ఏడాదే పోలీసు చీఫ్ ఎడ్డీ గార్సియా కూడా ఆస్టిన్ నగరంలో ఉద్యోగానికి కదిలారు. దీన్ని 'ఒకరి వెనక ఒకరు' అంటే చాలు, లేదా 'పై కుర్చీల్లో ఎవరూ కుదురుగా ఉండటం లేదు' అనండి. వీళ్లకి కూడా సాగనంపు సొమ్ము వచ్చిందని మాత్రం రాసేయకండి. వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చి తనంత తాను వెళ్లేవాడిది ఉత్త 'చేశారు'. అక్కడ 'ఇంచు' లేదు.