జలుబు మళ్లీ మళ్లీ వస్తే ఇమ్యూనిటీ తక్కువనా?

మూడేళ్ల బాబుకి నెలనెలా జలుబు చేస్తోంది, ఇమ్యూనిటీ తక్కువేమో అని అడిగారు కదండీ, ముందు టెన్షన్ తగ్గించుకోండి. ఒకసారి వచ్చిన వైరస్‌ని ఒళ్లు గుర్తుపెట్టుకునే మాట నిజమే, బి కణాలనే ఒక రకం తెల్ల రక్తకణాలు దానికి సరిపోయే యాంటీబాడీలు, అంటే వైరస్‌ని పట్టుకునే ప్రోటీన్లు, తయారుచేస్తాయి, ఆ కణాల్లో కొన్ని జ్ఞాపక కణాలుగా ఏళ్ల తరబడి మిగిలిపోతాయి. కానీ జలుబు తెచ్చే రైనోవైరస్‌లే 150కి పైగా రకాలున్నాయి, ఒకదానికి తయారైన యాంటీబాడీ చాలాసార్లు ఇంకోదాన్ని పట్టుకోలేదు. అందుకే ఈ వయసులో ఏడాదికి 6 నుంచి 8 జలుబులు మామూలే. జ్వరం కూడా మన రోగనిరోధక వ్యవస్థ పెంచే వేడే. యాంటీబయాటిక్స్ వైరస్‌ మీద పనిచేయవు, దయచేసి మీ అంతట మీరు వేయకండి. న్యుమోనియా పదేపదే వస్తున్నా, బరువు పెరగకపోయినా మాత్రం పిల్లల డాక్టర్‌కి చూపించండి, ఊపిరి కష్టమైతే వెంటనే తీసుకెళ్లండి.