నాన్నగారి మెడ గడ్డ: టీఎస్‌హెచ్ నార్మల్ అయితే సరిపోదు

నాన్నగారి మెడలో థైరాయిడ్ గడ్డ ఉంది, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పనితీరు చూసే రక్త పరీక్ష) నార్మల్ వచ్చింది, ఇక భయం లేనట్టేనా అని అడిగారు. మిమ్మల్ని తికమక పెట్టింది ఆ టీఎస్‌హెచ్ రిపోర్టే. అది హార్మోన్ లెక్క చెబుతుంది, గడ్డ సంగతి చెప్పదు. థైరాయిడ్ క్యాన్సర్ ఉన్నా చాలామందికి టీఎస్‌హెచ్ నార్మల్‌గానే వస్తుంది.

"ఆడవాళ్ళ జబ్బు కదా, 63 ఏళ్ల నాన్నకెందుకు వస్తుంది" అన్నారు. థైరాయిడ్ క్యాన్సర్ ఆడవాళ్ళలో సుమారు 3 రెట్లు ఎక్కువ, నిజమే. వాళ్ళకి ఎక్కువగా 40, 50 ఏళ్లలో బయటపడుతుంది, మగవాళ్ళకి 60, 70 ఏళ్లలో. పైగా గడ్డంటూ ఉంటే అది క్యాన్సర్ అయ్యే అవకాశం మగవాళ్ళకే ఎక్కువ.

1. అందరూ వదిలేసేది ఇదే: మెడకి అల్ట్రాసౌండ్. రాజాంలో కుదరకపోతే శ్రీకాకుళం తీసుకెళ్లండి.
2. స్కాన్ చూసి డాక్టర్ చెబితే సూది పరీక్ష, ఎఫ్‌ఎన్‌ఏసీ (సన్నని సూదితో గడ్డలోంచి కణాలు తీసి చూడటం).
3. గొంతు బొంగురుపోయినా, మింగడం కష్టమైనా ఆగొద్దు.

టెన్షన్ పడకండి, ఎక్కువ గడ్డలు ప్రమాదం లేనివే. స్కాన్ మాత్రం ఈ వారమే చేయించండి.