స్విచ్ 2 బాగా అమ్ముడవుతోంది సరే, షేరు కొనాలా?

మీరు అడిగింది ఇదీ: జపాన్ కంపెనీ నింటెండో తెచ్చిన కొత్త గేమ్ కన్సోల్ (వీడియో గేములు ఆడే యంత్రం) స్విచ్ 2 కోసం జనం ఎగబడుతున్నారు, ఇంకో మూడేళ్లు అమ్మకాలు తగ్గేలా లేవు, కాబట్టి ఇంటి డౌన్ పేమెంట్ కోసం దాచిన డబ్బులో సగం తీసి ఆ కంపెనీ షేర్లలో పెట్టనా అని.

వద్దండీ. అమ్మకాల గురించి మీ అంచనా తప్పని కాదు, చాలావరకు కరెక్టే కావచ్చు కూడా. మొదటి స్విచ్ 2017 మార్చిలో వచ్చింది. దానికి బాగా కలిసొచ్చింది నాలుగో ఏడాది, అంటే 2021 మార్చితో ముగిసిన ఏడాది (కరోనా వల్ల అందరూ ఇళ్లలోనే ఉన్నారు మరి), అప్పుడు 2 కోట్ల 88 లక్షలు అమ్మారు. ఇబ్బందల్లా, ఈ సంగతి మీ ఒక్కరికే తెలిసింది కాదు. స్విచ్ 2 విడుదలైన 2025 జూన్ 5 నుంచి నాలుగు రోజుల్లో 35 లక్షలకు పైగా అమ్ముడైంది, ఆ ఆర్థిక సంవత్సరానికి కంపెనీ ముందు వేసుకున్న కోటీ 50 లక్షల అంచనాను నవంబరులో కోటీ 90 లక్షలకు పెంచింది. షేర్లు కొని అమ్మేవాళ్లంతా ఆ అంకెలు ఎప్పుడో చదివేశారు, ధరలో కలిపేశారు. ఇక షేరు పెరగాలంటే అమ్మకాలు బాగుంటే చాలదు, అందరూ అనుకున్నదానికన్నా బాగుండాలి.

నమ్మకం కుదరకపోతే నింటెండోదే పాత కన్సోల్ వీ (Wii) సంగతి చూడండి. 2009 మార్చితో ముగిసిన ఏడాదిలో దాదాపు 2 కోట్ల 60 లక్షలు అమ్ముడైంది, ఆ కన్సోల్‌కి అదే బెస్ట్ ఏడాది, కానీ షేరు అప్పటికే 2007 నవంబరు నాటి శిఖరం నుంచి జారిపోయింది, జారి జారి 2012కల్లా 80 శాతానికి పైగా పోగొట్టుకుంది. కన్సోల్ హిట్టు, షేరు కొన్నవాళ్లు ఫట్టు! దాని తర్వాత వచ్చిన కన్సోల్ వీ యూ (Wii U) అయితే మొత్తం మీద కోటీ 36 లక్షల దగ్గరే ఆగిపోయింది.

2016 జులైలో ఇంకా తమాషా. పోకెమాన్ గో అనే ఫోన్ గేము చూసి జనం నింటెండో షేరును కొన్ని రోజుల్లోనే రెట్టింపు చేశారు. మా లాభాల మీద దాని ప్రభావం పరిమితమేనని కంపెనీయే చెప్పాక ఒక్క రోజులో 18 శాతం దాకా పడింది.

మీ విషయంలో అసలు టెన్షన్ పెట్టేది గడువు. మూడేళ్లలో ఇల్లు కొనాలంటున్నారు. ఆ డబ్బు డిపాజిట్‌లోనే ఉండనివ్వండి, వడ్డీ తక్కువైనా సరే. పైగా ఇది టోక్యోలో యెన్‌లలో నడిచే షేరు, మీ సంపాదన వేరే కరెన్సీలో ఉంటే షేరు పెరిగినా యెన్ పడి ఆ లాభాన్ని తినేయొచ్చు.

అయినా మనసు ఊరుకోకపోతే, ఇంటి డబ్బు ముట్టుకోకుండా, మీ మిగతా పెట్టుబడిలో 5 శాతం మించకుండా కొనుక్కోండి. కొన్నాక మూడు నెలలకోసారి వచ్చే ఫలితాల్లో కన్సోళ్ల లెక్క దగ్గరే ఆగిపోకండి. కన్సోల్ మీద మిగిలేది తక్కువ, మెమరీ చిప్‌ల రేటు పెరిగితే అదీ కరిగిపోతుంది, గట్టి లాభం వచ్చేది గేముల మీదే. అందుకే గేములు ఎన్ని అమ్మారు, అందులో సొంత గేములు ఎన్ని, డౌన్‌లోడ్‌గా అమ్మినవి ఎన్ని, ఆ మూడూ చూడండి.