కిడ్నీ లెక్కలో జాతి: అమెరికాలో పబ్లిక్ హెల్త్ పాఠం చెప్పబోయే మన విద్యార్థులకు

పబ్లిక్ హెల్త్ చదువుకోవడానికి అమెరికా వచ్చి, టీచింగ్ అసిస్టెంటుగా తరగతి ముందు నిలబడవలసిన తెలుగు విద్యార్థులు తరచుగా అడిగే సందేహం ఒకటుంది: జాతివివక్ష ఈ దేశపు పాత గాయం కదా, నిన్నగాక మొన్న వచ్చిన మనం దాని గురించి ఏమని చెప్పగలం? తప్పకుండా చెప్పగలరు. మీరు నేర్పబోయే లెక్కల్లోకే ఆ వివక్ష చొరబడి ఉంది.

రక్తంలోని క్రియాటినిన్ అనే వ్యర్థపదార్థాన్ని బట్టి కిడ్నీ పనితీరును అంచనా వేసే సూత్రాన్నే తీసుకోండి; ఫలితం ఎంత తగ్గితే కిడ్నీ అంత దెబ్బతిన్నట్టు. 2009 నాటి సూత్రం, రోగి నల్లజాతివారైతే ఫలితాన్ని 1.159తో హెచ్చవేసేది. వయసు, లింగం, క్రియాటినిన్ అన్నీ సమానంగా ఉన్న ఇద్దరిలో తెల్లజాతి రోగికి 18 వస్తే, నల్లజాతి రోగికి దాదాపు 21 వచ్చేది. ఇంకా డయాలిసిస్ మొదలుకాని రోగికి కిడ్నీ మార్పిడి నిరీక్షణ కాలం 20 లేదా అంతకు తక్కువ వస్తేనే మొదలవుతుంది కనుక, అంతే జబ్బుతో ఉన్న రెండో మనిషి వరుసలోకి రాకుండానే ఆగిపోయేవాడు. 2021లో ఆ గుణకాన్ని తీసేసి కొత్త సూత్రం తెచ్చారు. ఈ రెండు లెక్కలనూ విద్యార్థుల చేతనే చేయించి, ఆ గుణకం ఏ ఆధారంతో వచ్చిందో వాళ్లనే వెతకమనండి. ఉపన్యాసం కంటే ఇది బలంగా నాటుకుంటుందని నా నమ్మకం.

నల్లజాతివారిలో ఫలానా జబ్బు ఎక్కువని చెప్పి స్లయిడు మార్చేయకండి. మన ఉద్దానంలో కిడ్నీ జబ్బు మాట వస్తే అక్కడి నీళ్ల గురించి, ఎండలో చేసే పని గురించి ఆరా తీస్తామే గాని, అక్కడివారి పుట్టుకను తప్పుపట్టం. ఆ న్యాయం ఇక్కడివారికీ వర్తించాలి. అలబామాలో 1932 నుంచి 1972 వరకు సిఫిలిస్ ఉన్న నల్లజాతి పురుషులకు వైద్యం అందకుండా చేసిన టస్కీగీ అధ్యయనం గురించి చెప్పేటప్పుడు, తరగతిలో ఉన్న ఒక్క నల్లజాతి విద్యార్థిని వైపు తిరిగి అభిప్రాయం అడగవద్దు; ఒక జాతి మొత్తానికి జవాబుదారీ కావడానికి ఆ అమ్మాయి ఫీజు కట్టలేదు.

మన దగ్గరి వివక్షనూ ఇక్కడే గుర్తుంచుకోవాలి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ 2022లో తన వివక్ష నిషేధ విధానంలో కులాన్ని చేర్చింది. తరగతిలో తెలుగువారు కనబడగానే ఇంటిపేరు, ఊరు అడిగి కులం కనిపెట్టే అలవాటు ఉంటే, మొదటి తరగతికి ముందే దాన్ని వదిలిపెట్టండి.