పొద్దున ట్రాఫిక్, మధ్యాహ్నం వాయిస్ ఓవర్ – రెండూ కుదురుతాయా?

బెంగళూరు మారతహళ్ళి నుంచి ఒక నాన్నగారు అడిగారు, అమ్మాయి బీకాం అయిపోయింది, ఇక్కడే ఒక ఎఫ్ఎం స్టేషన్‌లో పొద్దున సాయంత్రం ట్రాఫిక్ చెప్పే పని వచ్చింది, మనసంతా మాత్రం వాయిస్ ఓవర్ మీదే, అంటే యాడ్లకీ వీడియోలకీ తెర వెనక గొంతు ఇవ్వడం మీదే ఉంది, ఇది నిలబడే పనేనా లేక ఎంకామ్‌లో చేర్పించమంటారా అని.

సార్, చేరనివ్వండి. కాకపోతే సంతకం పెట్టే ముందు స్టేషన్ వాళ్ళిచ్చే ఒప్పందం కాగితంలో బయటి పనుల గురించి ఏం రాశారో చూడండి. మొన్నామధ్య నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి సంతకం అయ్యాక చూసుకున్నాడు, తన గొంతు ఇంకెక్కడా వినపడకూడదని ఉంది, చేతికొచ్చిన నగల షాపు యాడ్ వదులుకున్నాడు, నాకే ప్రాణం ఉసూరుమంది. వేరే రేడియోలకి చెయ్యను, డబ్బింగ్, ఐవీఆర్ (ఫోన్ చేస్తే 'ఒకటి నొక్కండి' అని వినపడే రికార్డు గొంతు), ఆన్‌లైన్ పాఠాలకి మాత్రం చెప్పుకుంటాను అని ముందే అడిగి రాయించుకోమనండి.

ట్రాఫిక్ చెప్పడమేగా అని తీసిపారెయ్యకండి. ప్రైవేట్ ఎఫ్ఎంలకి సొంతంగా వార్తలు చదివే పర్మిషన్ లేదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవాలంతే, ట్రాఫిక్, వాతావరణం మాత్రం ప్రైవేట్ ఎఫ్ఎంలకి ప్రభుత్వం పెట్టిన 2011 ఫేజ్-3 రూల్స్‌లో వార్తల కింద లెక్కెయ్యలేదు, అందుకే సిల్క్ బోర్డ్ దగ్గర బండ్లు కదుల్తున్నాయో లేదో చెప్పే మనిషి వాళ్ళకి కావాలి. అరనిమిషంలో హెబ్బాళ, టిన్ ఫ్యాక్టరీ, గొరగుంటెపాళ్య అన్నీ తడబడకుండా లైవ్‌లో చెప్పాలంటే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో దానంతటదే వస్తుంది, ఏ కోర్సులోనూ అంత ప్రాక్టీస్ దొరకదు.

నాకున్న భయం ఒక్కటే, ఆ రాగం. రోజూ అదే స్పీడు, వాక్యం చివర అదే ఎత్తు, ఏడాది తిరిగేసరికి పిల్లల కథ చదివినా జామ్ గురించి చెప్తున్నట్టే ఉంటుంది. అందుకని షిఫ్టుల మధ్య దొరికే మధ్యాహ్నం రోజూ అరగంట తెలుగు కథ ఏదైనా మెల్లగా చదివి, రికార్డ్ చేసుకుని, రాత్రి వినమనండి. అన్నట్టు తనకి తెలుగు చదవడం వచ్చా? ఇక్కడ పెరిగిన మన పిల్లలు గడగడా మాట్లాడతారు గానీ స్క్రిప్ట్ చేతికిస్తే ఇంగ్లీష్ అక్షరాల్లో రాసిమ్మంటారు, స్టూడియోలో అది కుదరదు సార్, ముందు అది సరిచెయ్యాలి. కన్నడ, తెలుగు రెండూ చూసి చదవగలిగితే ఈ ఊళ్ళో తనకి అదే పెద్ద ఆస్తి.

స్టూడియోకి డబ్బు ఇప్పుడే పెట్టకండి. బట్టల బీరువా తలుపులు తెరిచి, వెనకాల రగ్గు కట్టుకుని, ఫ్యాన్ ఆపి రికార్డ్ చేస్తే పని అడగడానికి పంపే మొదటి డెమోకి, అంటే గొంతు శాంపిల్‌కి, సరిపోతుంది. డెమో నిమిషం దాటొద్దు, అందులో ట్రాఫిక్ బిట్లు అస్సలు పెట్టొద్దు, తెలుగుకి ఒకటి, కన్నడకి ఒకటి విడిగా ఉండాలి. ఎవరైనా గంటలకొద్దీ వాక్యాలు చదివించుకుంటామంటే అది ఏఐ గొంతు తయారు చెయ్యడానికా అని అడిగి, రాతలో లేకపోతే ఒప్పుకోవద్దని గట్టిగా చెప్పండి.

ఎంకామ్ సంగతంటారా, మైసూరు ఓపెన్ యూనివర్సిటీలో దూరవిద్యలో ఉంది, మొదటి ఏడాది బయటి పనులు పెద్దగా రావు కాబట్టి అప్పుడే ఫీజు కట్టించెయ్యండి.